వెంటిలేటరు వద్దని ముందే రాసిపెట్టుకోవడం విశ్వాసికి తగునా? బెంగళూరులో పద్ధతి ఏమిటి?

సీయోను_కేఆర్‌పురం అడిగిన ప్రశ్న

అందరికీ వందనాలు. కేఆర్ పురం వైపు ఉన్న మా తెలుగు సంఘంలో పెద్దవాళ్లు ఎక్కువ. పిల్లల ఉద్యోగాల వల్ల నెల్లూరు, ఒంగోలు, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. వాళ్ల కూడికలో లివింగ్ విల్ గురించి ఒక గంట చెప్పించాలని సంఘ కమిటీ ఆలోచన. కోలుకునే ఆశ లేక, తెలివి కూడా లేని స్థితి వస్తే వెంటిలేటరు, డయాలసిస్ లాంటివి పెట్టవద్దని, పెట్టి ఉంటే తీసేయమని ముందుగా రాసుకునే కాగితం అది.

మాట ఎత్తగానే వచ్చిన అభ్యంతరాలు ఇవి. ఒకటి, ఇది ఆత్మహత్యకు అనుమతి పత్రం లాంటిది, నరహత్య చేయకూడదన్న ఆరో ఆజ్ఞకు విరుద్ధం. రెండు, రాసుకున్నవాడికి స్వస్థత మీద విశ్వాసం లేనట్టే. మూడు, ఎంత రాసినా ఆసుపత్రివాళ్లు చూడరు, కోర్టు చుట్టూ తిరగాలి.

వాక్యం ఏమంటుందో, చట్టం ఏమంటుందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. కాగితం తెలుగులో రాస్తే చెల్లుతుందా? సాక్షి సంతకం పాస్టరుగారు పెట్టవచ్చా?

దస్తావేజు

సీయోను గారూ, మూడో అభ్యంతరం ముందు తీసుకుంటాను, అది 2023కి ముందు నాటి మాట. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లివింగ్ విల్‌ను గుర్తించింది. కానీ అప్పుడు పెట్టిన పద్ధతి ఆచరణలో నడవలేదు. కాగితం మీద ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కావాలి, అమలు చేసే రోజున మేజిస్ట్రేటే వచ్చి రోగిని చూడాలి, రోగి స్థితిని తేల్చే వైద్య బోర్డులో కూర్చునే డాక్టర్లకు 20 ఏళ్ల అనుభవం ఉండాలి. 2023 జనవరి 24న అదే కోర్టు వీటిని సడలించింది. దానికి అనుగుణంగా కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి 30న ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి బెంగళూరు ఆసుపత్రి ఏదైనా ‘మాకు తెలియదు’ అంటే ఆ ఉత్తర్వు నకలు చేతిలో పెట్టండి.

ఇప్పటి పద్ధతి ఇది. 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్నవారెవరైనా తమ ఇష్టంతో రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించాలి. ఒత్తిడి లేకుండా, అర్థం చేసుకునే సంతకం చేశారని సాక్షులూ నోటరీ అందులో రాయాలి. మీకు తెలివి లేనప్పుడు మీ తరఫున మాట్లాడవలసినవాళ్ల పేర్లు కాగితంలోనే ఉండాలి. ఒక్కరితో ఆపకుండా ఇద్దరిని రాయండి. ఒక నకలు వాళ్లకు, ఒకటి మామూలుగా చూసే డాక్టరుకు, ఒకటి మీరుండే ప్రాంతపు కార్పొరేషనుకు ఇవ్వాలి. పాత నగరపాలిక బీబీఎంపీ స్థానంలో ఇప్పుడు ఐదు కార్పొరేషన్లు ఉన్నాయి కనుక మీ వార్డు దేనిలోకి వస్తుందో ముందు చూసుకోండి. కౌంటరులో తీసుకోవడానికి సందేహిస్తే వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. స్టాంపు పేపరు ఉండాలన్న షరతు తీర్పులో లేదు.

పాస్టరుగారు సాక్షిగా ఉండవచ్చు. కోర్టు అడిగింది వీలైనంత వరకు స్వతంత్రులైన సాక్షులను. ఆస్తి వీలునామాలో సంఘానికో పాస్టరుగారికో ఏమైనా రాసిన మనిషి అయితే మాత్రం ఆయన సంతకం వద్దు, తరువాత వేలెత్తి చూపడానికి అదొక్కటి చాలు. ఆస్తి వీలునామా, ఇది ఒకే కాగితంలో కలపడం కూడా చాలామంది చేస్తున్నారు. వీలునామా మనిషి పోయాక తెరుస్తారు. ఇది మనిషి బతికుండగా పనిచేయాలి. రెండూ కలిపి బీరువాలో పెడితే ఐసీయూలో ఎవరికీ అందదు.

భాష సంగతి. తెలుగులో రాసినా తప్పు లేదు. కానీ ఇక్కడి నోటరీ తనకు చదవరాని కాగితం మీద ముద్ర వేయడు, రాత్రి రెండు గంటలకు డ్యూటీలో ఉన్న డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు. అసలు ఇంగ్లీషులో తయారుచేసి, పక్కన తెలుగు పాఠం పెట్టి, ‘దీన్ని నాకు తెలుగులో చదివి వినిపించారు, నాకు అర్థమైంది’ అన్న వాక్యం కలపండి. చదివి వినిపించినవారు కూడా సంతకం చేయాలి. నోటరీ తన రిజిస్టరులో ఎక్కించి ఆ నంబరు కాగితం మీద వేశాడో లేదో అక్కడే చూసుకోండి.

ఎక్కువ కాగితాలు చెడిపోయేది ఒక్క చోట: ‘నా ప్రాణాన్ని యంత్రాలతో పొడిగించవద్దు’ అని ఒకే వాక్యం రాసి వదిలేయడం. స్పష్టత లేని నిర్దేశాన్ని బోర్డులు అమలు చేయకూడదని తీర్పులోనే ఉంది. ఏ స్థితిలో (నయం కాని జబ్బు చివరి దశ, తిరిగి రాని అచేతన స్థితి, మనుషులను గుర్తుపట్టలేని మతిమరుపు ముదిరిన దశ) ఏది వద్దు (గుండె ఆగితే ఛాతీ నొక్కడం, వెంటిలేటరు, డయాలసిస్, బీపీ నిలబెట్టే మందుల డ్రిప్) అని విడివిడిగా రాయాలి. ఏవి కావాలో కూడా రాయాలి: నొప్పి మందు, ఆయాసం తగ్గించే మందు, నోరు తడపడం, శరీర శుభ్రత, ప్రార్థనకు మనుషులను లోపలికి రానివ్వడం.

అమలు రోజున జరిగేది: వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ప్రాథమిక బోర్డు. వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. తరువాత జిల్లా ఆరోగ్యాధికారి సూచించిన డాక్టరుతో, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులతో రెండో బోర్డు. దానికీ అదే 48 గంటలు. కాగితంలో పేరున్నవాళ్ల సమ్మతి తీసుకుని, మేజిస్ట్రేటుకు సమాచారం పంపి అమలు చేస్తారు. సమాచారమే, అనుమతి కాదు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. కాగితమే లేకపోయినా కుటుంబం సమ్మతితో ఇదే దారి ఉంది, కానీ అప్పుడు అన్నదమ్ములందరూ ఒక మాట మీదికి రావాలి. మనసు మారితే ఎప్పుడైనా లిఖితంగా రద్దు చేసుకోవచ్చు. రెండు కాగితాలుంటే చివరిది చెల్లుతుంది.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరం. ఈ కాగితం దానికి దారి తెరవదు.

బెరయ_పాఠకుడు

ఆరో ఆజ్ఞ విషయం. నరహత్య అంటే నిర్దోషి ప్రాణాన్ని తీయడం. దానికి మినహాయింపు ఎవరూ కోరడం లేదు. ఇక్కడ ప్రశ్న వేరు: దేవుడిచ్చిన ప్రాణాన్ని నిలుపుకోవడానికి మనిషి చేయవలసిన ప్రయత్నానికి హద్దు ఉందా? సంఘం దీన్ని ఐసీయూలు పుట్టకముందే ఆలోచించింది. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్, సన్యాసుల కోసం రాసిన నియమావళిలో, వైద్యం దేవుడిచ్చిన వరమే అంటూనే, బతుకంతా శరీరం గురించిన చింత చుట్టే తిరిగేలా చేసే చికిత్స వెంట క్రైస్తవుడు పరుగెత్తకూడదన్నాడు. ఆయన వైద్య ద్వేషి కాడు, కైసరయ బయట రోగుల కోసం పెద్ద ఆశ్రయం కట్టించినవాడు. ఆ మాట బరువు అందుకే.

పదహారో శతాబ్దపు స్పెయిన్ వేదాంతులు మామూలు సాధనాలు, అసాధారణ సాధనాలు అని విభజించారు. 1957 నవంబరు 24న పోపు పన్నెండో పయస్ మత్తు వైద్యుల ఎదుట మాట్లాడుతూ దాన్నే కృత్రిమ శ్వాస యంత్రానికి వర్తింపజేశాడు. మామూలు సాధనాలు వాడటం బాధ్యత, రోగి మీద మితిమీరిన భారం మోపేవి బాధ్యత కావు. మనం ప్రొటెస్టెంటు సంఘాలవాళ్లమైనా ఈ తేడా మనకూ ఉపయోగమే, ఎందుకంటే అది పెట్టిన పరీక్ష యంత్రం పేరు మీద లేదు. అదే వెంటిలేటరు న్యుమోనియా వచ్చిన నలభై ఏళ్ల మనిషికి మామూలు సాధనం, వద్దనడం తప్పు. ఊపిరితిత్తులంతా క్యాన్సర్ పాకిన మనిషికి అది చావును సాగదీయడమే.

చంపడమా, పోనివ్వడమా అని ఇంకా సందేహముంటే ఇలా అడగండి. యంత్రం తీశాక రోగి సొంతంగా ఊపిరి తీసుకుంటే కుటుంబం ఏం చేస్తుంది? దేవునికి స్తుతి చెప్పే కుటుంబం అతన్ని చంపాలనుకోలేదు. బతికాడని చిక్కుపడే కుటుంబం అయితే అక్కడ ఆగి ఆలోచించాలి.

స్వస్థత విశ్వాసం గురించి. యాకోబు 5:14 రోగి కోసం ప్రార్థించమంటుంది, ఆ ప్రార్థన మానమని ఏ లివింగ్ విల్లూ చెప్పదు. హిజ్కియాకు పదిహేనేళ్లు పొడిగింపు వచ్చింది, నిజమే. పౌలు తన శరీరంలోని ముల్లు తీయమని మూడుసార్లు వేడుకున్నా ప్రభువు తీయలేదు, నా కృప చాలన్నాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చానని అదే పౌలు తిమోతికి రాశాడు. వీళ్లెవరికీ విశ్వాసం కొరవడిందని వాక్యం అనలేదు. లాజరును లేపిన ప్రభువుకు వెంటిలేటరు సాయం అక్కరలేదు కనుక, ‘యంత్రం తీస్తే దేవుడు చేయబోయే అద్భుతాన్ని అడ్డుకున్నట్టు’ అనే బోధ నిలవదు. దాన్ని వేదిక మీద నుంచే నెమ్మదిగా సరిదిద్దాలి. ఆ మాట విని ఇల్లు తాకట్టు పెట్టే కుటుంబాలున్నాయి. ఖర్చు గురించి ఆలోచించడం అవిశ్వాసమా అంటే, కాదు. కుటుంబం మీద మితిమీరిన ఖర్చు పడకూడదనే కోరిక న్యాయమైనదేనని వాటికన్ 1980 ప్రకటనలో స్పష్టంగానే ఉంది.

దీనికి రెండో వైపు కూడా మీ కూడికలో తప్పక చెప్పండి. ‘నేను పిల్లలకు భారమైతే’ అనే షరతుతో ఎవరినీ రాయనివ్వకండి. ఇతరుల మీద ఆధారపడటం చావదగిన కారణం కాదు, మనమందరం పసితనంలో అలాగే బతికాం. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు వ్యాయామంతో నెలల్లో కోలుకోవడం మామూలే, వాళ్లను ‘ఆశ లేని స్థితి’ కింద రాయకూడదు. కొర్బాను (దేవునికి అర్పితం) అనే పేరు చెప్పి తలిదండ్రులకు చేయవలసింది ఎగ్గొట్టినవాళ్లను యేసు మార్కు 7లో ఎలా గద్దించాడో చదవండి. అమ్మానాన్నలను సంతకానికి తొందరపెట్టే పిల్లలు ఆ అధ్యాయంలోకే వస్తారు. సంతకాల రోజున పెద్దవాళ్లతో పిల్లలు లేకుండా విడిగా పది నిమిషాలు మాట్లాడే మనిషిని సంఘం పెట్టాలి.

ఉపశమన_నర్సు

దస్తావేజు గారు చెప్పిన దారి ఉన్నా, ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇది. డబ్బు అయిపోతుంది, లేదా ఆశ అయిపోతుంది. డాక్టరు మాట కాదని మా పూచీ మీద తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టి అంబులెన్సులో ఇంటికి తెచ్చేస్తారు. గొంతులో గొట్టం ఇంటి దగ్గర తీస్తారు. రోగికి ఆయాసం తగ్గించే మందు ఒక్క చుక్క ఉండదు. కళ్ల ముందు ఊపిరాడక పోతుంటే కుటుంబం చూస్తూ ఉంటుంది, ఆ తరువాత ఏళ్ల తరబడి మేమే చంపాం అనుకుంటుంది. కాగితం అసలు ప్రయోజనం దీన్ని ఆపడమే. బోర్డు దారిలో వెళ్తే గొట్టం తీయకముందే మార్ఫిన్, అవసరమైతే మత్తు మందు ఇచ్చి, ఆయాసం లేదని చూసుకున్నాకే తీస్తారు. కుటుంబం పక్కనే ఉండొచ్చు, పాటలు పాడుకోవచ్చు.

మార్ఫిన్ అంటే మన సంఘాల్లో భయం ఎక్కువ. నొప్పికి తగినట్టు చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచితే అది ఊపిరి ఆపదు. మాత్రలైతే సాధారణంగా నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. నొప్పి వచ్చాక ఇద్దామని ఆగితే ప్రతిసారీ మొదటికొస్తుంది. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, విరేచనాల మందు మొదటి రోజు నుంచే కలిపి ఇవ్వాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మందు ఒంట్లో పేరుకుని మగతా, కండరాల అదుర్లూ వస్తాయి కనుక డాక్టరు మోతాదు మార్చాలి లేదా వేరే మందు ఇవ్వాలి. ‘ప్రభువు సిలువ మీద నొప్పి భరించాడు కదా’ అని మందు మానమనే పరామర్శ దయచేసి చేయకండి. నేటి హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ) పద్ధతికి పునాది వేసిన సిసిలీ సాండర్స్ భక్తిగల ఆంగ్లికన్ క్రైస్తవురాలు. ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ ప్రారంభించింది. నొప్పి మందును గడియారం చూసి క్రమంగా ఇవ్వాలని నేర్పింది ఆమే.

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర కరుణాశ్రయ అనే హాస్పిస్ ఉంది. నయం చేసే వైద్యం ఇక లేని క్యాన్సర్ రోగులను ఉచితంగా చూస్తారు, ఇంటికి వచ్చే బృందం కూడా ఉంది. హోసూరు రోడ్డు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (బాధ తగ్గించే ఉపశమన వైద్యం) విభాగం ఉంది. ఆఖరి వారంలో పరుగెత్తడం కాకుండా జబ్బు ముదిరిందని తెలిసిన రోజే పేరు నమోదు చేయించండి. గుండె, కిడ్నీ, మతిమరుపు జబ్బులవాళ్లు మాత్రం చూపించుకునే ఆసుపత్రిలోనే పాలియేటివ్ డాక్టరు ఉన్నారా అని ముందే అడిగి ఉంచాలి.

సీయోను_కేఆర్‌పురం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు. ముక్కు గొట్టం (రైల్స్ ట్యూబు) ద్వారా ఆహారం ఆపడం ఆకలితో చంపినట్టే కదా అని స్త్రీల సమాజం సహోదరీలు అడుగుతున్నారు. ఇంకొకటి, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఫోనులో ‘అన్నీ చేయండి, ఏదీ ఆపొద్దు’ అంటే ఏమవుతుంది?

గుణదల

నేను కతోలికుణ్ణి, మా బోధ ఇక్కడ కాస్త గట్టిగా ఉంటుంది, తెలియడం మంచిది. 2004లో పోపు రెండో జాన్ పాల్, 2007లో వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం చెప్పిన ప్రకారం గొట్టం ద్వారా ఇచ్చినా ఆహారమూ నీళ్లూ వైద్యం కిందకు రావు, మామూలు సంరక్షణే. తెలివి లేకుండా ఏళ్లు బతకగల రోగికి, చావుకు వేరే కారణం లేనప్పుడు, వాటిని ఆపితే ఆ ఆపడమే చంపుతుంది. అందుకే ‘అచేతన స్థితిలో గొట్టం తీసేయండి’ అని కతోలికులు రాయకూడదు. శరీరం ఆహారాన్ని ఇముడ్చుకోలేని స్థితి వస్తే బాధ్యత లేదని ఆ విభాగమే ఇచ్చిన 2020 లేఖలో ఉంది.

బెరయ_పాఠకుడు

గుణదల గారి మాటలో ఉన్న జాగ్రత్త నాకు నచ్చింది. ప్రొటెస్టెంటు సంఘాల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదు. గొట్టాన్ని వైద్యంగా చూసేవాళ్లే ఎక్కువ, భారతీయ కోర్టూ అలాగే చూస్తుంది. కానీ చావు దగ్గరపడిన మనిషి సంగతి, స్థిరంగా ఉన్న అచేతన రోగి సంగతి ఒకటి కాదు. మీ నమూనా కాగితంలో ఆహారపు గొట్టానికి విడిగా ఒక పంక్తి, దాని కింద ఈ రెండు స్థితులకు వేర్వేరుగా గడులు పెట్టండి. ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు టిక్కు పెట్టుకుంటారు. సంఘం పేరుతో ఒకే జవాబు ముందే అచ్చువేయడం సరికాదు.

ఉపశమన_నర్సు

సహోదరీలకు ఇలా చెప్పండి. ఆఖరి రోజుల్లో శరీరం మూతపడుతూ ఉన్నప్పుడు ఆకలి దానంతటదే పోతుంది. అప్పుడు గొట్టంలో పోసిన పాలు అరగక పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి, సెలైన్ ఎక్కిస్తే కాళ్లు ఉబ్బి గొంతులో గురగుర పెరుగుతుంది. ఆ మనిషి తినక పోవడం లేదు, పోతున్నాడు గనుక తినడం లేదు. చేయవలసింది గంటకోసారి తడి దూదితో నోరు తుడవడం, పెదాలకు వాజలీన్ రాయడం, మింగగలిగితే చెంచాతో ఇష్టమైనది కొంచెం. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లకు కూడా గొట్టం ఆయుష్షు పెంచినట్టు ఆధారాలు లేవు, గొట్టం పీకేసుకోకుండా చేతులు కట్టేయడం మాత్రం జరుగుతుంది. కూర్చోబెట్టి ఓపికగా చేత్తో తినిపించడం మేలు, దానికి సంఘం నుంచి మనుషులను వంతుల వారీగా పంపగలిగితే ఇంకా మేలు.

ఫోనులో పిల్లల విషయం. దూరంగా ఉన్నవాళ్లకు రోగి రోజురోజుకూ తగ్గిపోవడం కనపడదు, చేయలేకపోయిన సేవ కూడా ఆ ‘అన్నీ చేయండి’లోకి వస్తుంది. వాళ్లను తప్పుపట్టకుండా వీడియో కాల్‌లో డాక్టరుతోనే మాట్లాడించండి, పడక దగ్గర నుంచి చూపించండి. ఇంకా తేలకపోతే వెంటిలేటరు కొన్నాళ్లు పెట్టి చూద్దాం అని గడువూ, ఏం మెరుగుపడితే కొనసాగిస్తారో డాక్టరుతో ముందే కేసు షీటులో రాయించండి. గడువు లేకుండా మొదలుపెడితే ఆపే రోజు రాదు.

దస్తావేజు

చట్టం ప్రకారం ఆసుపత్రి అడగవలసింది కాగితంలో పేరున్నవాళ్ల సమ్మతి. మిగతా పిల్లలు ఒప్పుకోవాలని తీర్పు అనలేదు. అయినా ఒక్కరు గట్టిగా అరిచినా ఆసుపత్రి వెనక్కి తగ్గుతుంది, కేసు భయం. అందుకే రాసేటప్పుడే పిల్లలందరికీ నకలు మెయిల్ చేసి, చూశామని జవాబు తెప్పించుకోండి. పెద్దాయనో పెద్దమ్మో సొంత గొంతుతో తెలుగులో చెబుతున్న ఐదు నిమిషాల వీడియోకు చట్టపరంగా నోటరీ కాగితమంత బలం లేదు గానీ, పిల్లల మనసు మారేది ఎక్కువగా దాంతోనే. పేరు రాసే ఇద్దరిలో ఒకరైనా బెంగళూరులో ఉండేవాళ్లు కావాలి. రక్తసంబంధం కన్నా, ఒత్తిడిలో నిలబడి మీ మాటే చెప్పగలరా అన్నది చూడండి.

అసలు కాగితం బ్యాంకు లాకరులో పెట్టకండి. ఆసుపత్రి ఫైలుతో పాటు ఉంచి, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో వేసి, పర్సులో ఆధార్ వెనక ‘లివింగ్ విల్ ఉంది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని చీటీ పెట్టుకోమనండి. కొత్త జబ్బు తేలినా, పేరు రాసిన మనిషి ఊరు మారినా, పోయినా, తిరిగి రాసి పాతది రద్దని కొత్తదాంట్లోనే చెప్పాలి.